గోడ మీది చందన

తెల్లకోటుకు ఇస్త్రీ కాలరు దగ్గర్నించి మొదలుపెట్టాలని చందనకు ఎవరూ చెప్పలేదు. చేసి చేసి తెలుసుకుంది. కాలరు, తర్వాత భుజాలు, తర్వాత చేతులు, ఆఖరికి జేబులు. పైజేబు అంచున నీలం మరక ఒకటి ఎంత నానబెట్టినా పోలేదు. పోయినసారి డ్రగ్ ఇన్‌స్పెక్టరు షాపు తనిఖీకి వచ్చినప్పుడు, ఫార్మసిస్టు జేబులో పెన్ను లేకపోతే బాగుండదని, మొగుడు చెన్నకేశవ హడావిడిగా తన పెన్ను తీసి అందులో గుచ్చాడు. ఆ పెన్ను కారింది. ఉతుక్కునే పని మాత్రం ఆమెకు మిగిలింది.

పొద్దున టిఫిను గిన్నెలు తోముతుండగా షాపు నుంచి ఫోను వచ్చింది. "కోటు ఇస్త్రీ చేసి పెట్టుకో. రేపు ఇన్‌స్పెక్టరు వస్తాడంట, అసోసియేషనోళ్లు చెప్పినారు. పిల్లోళ్లు బడికి పోతానే రెడీగా ఉండు, నేనొచ్చి బండి మీద తీసకపోతా."

"రేపు అత్తను కాళ్ల డాక్టరు దగ్గరికి తీసకపోవాల అంటివి గదా మామా."

"అది ఎల్లుండి. ఇది ముందు. చేతులకు పసుపు ల్యాకుండా కడుక్కో. పోయినసారి మాత్రలిచ్చే చేతులు మాదిరే లేవు అవి." ఆమె సరే అనేలోపే పెట్టేశాడు.

మందుల షాపు నడవాలంటే ఫార్మసిస్టు ఉండాలన్నది చట్టం. ఆ ఫార్మసిస్టు షాపులోనే ఉండాలన్నదీ చట్టమే. మొదటి చట్టాన్ని చెన్నకేశవ పెళ్లి చేసుకున్నాడు. రెండో చట్టాన్ని వంటింట్లో పెట్టాడు. ప్రొద్దుటూరు పాత బస్టాండు దగ్గరున్న ఆ షాపుకు బోర్డు మీద అత్తగారి పేరు, లోపల గోడ మీద కోడలి పేరు, గల్లాపెట్టె దగ్గర ఆయన. వెంకటేశ్వరస్వామికీ లక్ష్మీదేవికీ నడుమ ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్టు, దాని మూల కాలేజీ రోజుల నాటి ఫోటో. రోజూ షాపు తెరవగానే చెన్నకేశవ దేవుళ్లకు ఊదొత్తి తిప్పి, అదే చేత్తో సర్టిఫికెట్టుకూ తిప్పుతాడు. పొగకు అద్దం పసుపెక్కి ఫోటోలోని మొహం సగం మాసిపోయింది. "బతికుండే మనిషి ఫోటోకు ఊదొత్తి ఏందన్నా" అని షాపులో పనిచేసే షాహిద్ ఒకసారి అడిగితే, "అన్నం పెట్టేది అదే గదరా" అన్నాడట. ఆ ముచ్చట ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు కూడా. అన్నం పెట్టే మనిషి అప్పుడు ఆయన కంచంలో రెండోసారి చారు పోస్తూ నిలబడి ఉంది.

చందనది తొండూరు. నాయన నారాయణకు చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోతున్నా కూతురి చదువు మాత్రం ఆపలేదాయన. పులివెందుల దాకా బస్సు, అక్కణ్నుంచి ఇంకో బస్సు మారి ఆమె బీఫార్మసీ చదివింది. పెళ్లిచూపులకు వచ్చిన చెన్నకేశవ తల్లి వనజమ్మ పాట వచ్చా, వంట వచ్చా అని అడగలేదు. "రిజిస్ట్రేషను అయిందా పాపా?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు ఇంటిల్లిపాదీ మురిసిపోయారు, చదువు విలువ తెలిసిన ఇల్లు దొరికిందని. నారాయణ ఆ సంబరంలో వాళ్ల కారు డిక్కీ నిండా చీనీకాయలు పోయించాడు.

పెళ్లయిన కొత్తలో చందన రోజూ షాపుకు వెళ్లింది. కౌంటరు వెనక కుర్చీ వేసుకుని, చీటీ పూర్తిగా చదివి, ఈ మాత్ర ఆ మాత్రతో కలిపి వేసుకోకూడదు, ఒకసారి డాక్టరును అడిగి రండి అని చెప్పి పంపేది. వచ్చినవాళ్లు కొందరు అడిగి వచ్చేవాళ్లు, కొందరు ఎదురు షాపుకు పోయేవాళ్లు. "నువ్వు మందులు అమ్మను కూర్చున్యావా, మాన్పించను కూర్చున్యావా?" అని చెన్నకేశవ నలుగురి ముందూ నవ్వుతూ అడిగాడు. నవ్వుతూ అడిగాడు కాబట్టి తనూ నవ్వాలి కాబోలని ఆమె నవ్వింది. తర్వాత బాబు కడుపున పడ్డాడు, తర్వాత పాప, ఆ తర్వాత అత్త మోకాళ్లు. ఆమె ఒకరోజు రాకపోతే షాపుకు ఏమీ కాలేదు, వారం రాకపోయినా కాలేదు. ఇంట్లో మాత్రం ఒక్క పూట లేకపోతే పొయ్యి వెలగలేదు. అట్లా, ఎవరూ రావద్దనకుండానే షాపులో ఆమె కుర్చీ ఖాళీ అయింది. దాని మీద ఇప్పుడు పౌడరు డబ్బాల అట్టపెట్టెలు పెడుతున్నారు.

ఆ డబ్బాల కథ కరోనా రోజుల్లో మొదలయింది. అప్పటిదాకా జనం షాపుకు డాక్టరు చీటీలు తెచ్చేవాళ్లు. ఆ రోజుల్లో ఫోన్లు తేవడం మొదలుపెట్టారు. జింకు, విటమిన్ సి, విటమిన్ డి, ఫోను తెర చూపించి ఇది ఉందా అప్పా అనడం, తెప్పించేలోపు ఇంకొకటి చూపించడం. ఒక కంపెనీ మనిషి చెన్నకేశవకు వెబ్‌సైటు ఒకటి చూపించాడు. అందులో ఏ మాట కొట్టినా, దాన్ని జనం ఎంతగా వెతుకుతున్నారో గీత గీసి పెడుతుంది. ఆ గీతల్ని చూసినంత శ్రద్ధగా ఆయన పిల్లల ప్రోగ్రెస్ కార్డులు ఏనాడూ చూడలేదు. అన్నం తింటూ ఎడమచేత్తో ఫోను పట్టుకుని, "చూడు, బయోటిను ఎట్ల లేసిందో. జుట్టు రాలేదానికంట. రోగం ముందు ఫోన్లో పుడతాది చందనా, ఆ తర్వాతనే ఒంట్లోకి వచ్చేది. ఫోన్లో ఉండంగానే మనం పట్టుకోవాల" అనేవాడు. పెళ్లిళ్లకు ముందు సన్నబడే క్యాప్సూళ్ల గీత లేచేది. పరీక్షలకు ముందు జ్ఞాపకశక్తి మాత్రలది. జిమ్ము పెట్టిన వీధిలో ప్రోటీన్ పౌడరుది. గీత లేచినప్పుడల్లా షాపులో ఒక కొత్త అర లేచింది, జ్వరం మాత్రలూ దగ్గు మందులూ వెనక గదిలోకి సర్దుకున్నాయి.

చందనకు మాత్రం ఆ గీతల్లో డబ్బాలు కనబడేవి కావు, మనుషులు కనబడేవాళ్లు. ఎప్పుడూ నీరసంగా ఉంటే ఏం వేసుకోవాలి అని వెతికింది ఎవరై ఉంటారు? మొగవాడికి నీరసమైతే ఇంట్లో పదిమందికి తెలుస్తుంది, మంచం వేస్తారు, మజ్జిగ ఇస్తారు. ఆడదానికి నీరసమైతే పొయ్యి మీద అన్నం ఉడికేలోపు, గోడకు ఆనుకుని, కొంగుతో తుడుచుకున్న చేత్తో ఫోనును అడుగుతుంది. డాక్టరు దగ్గరికి పోవాలంటే తోడు కావాలి, తోడు వచ్చేవాడికి తీరిక కావాలి, పోయొచ్చాక ఏమీ లేదట, రక్తం తక్కువట అంటే, దీనికేనా నన్ను ఇంతసేపు కూర్చోబెట్టింది అనే మాట పడాలి. ఫోను ఏమీ అనదు. డబ్బా ఒకటి చూపిస్తుంది. లావయ్యావని ఎవరో అంటే డబ్బా, నల్లబడ్డావంటే డబ్బా, జడ సన్నబడిందంటే డబ్బా. ఇంతమంది ఆడవాళ్లు తమ ఒంటి గురించి ఇంట్లో మనిషిని అడగలేక రాయికి మొక్కినట్టు ఫోనుకు మొక్కుతుంటే, ఆ మొక్కుల్ని లెక్కగట్టి సరుకు దించుతున్నాడు తన మొగుడు. ఈ మాట చందన పైకి అనలేదు. అన్న రోజున తన తిండి గురించి ఆయన ఏం గుర్తు చేస్తాడో తెలుసు.

ఆమె కూడా ఒకసారి అట్లాగే వెతికింది. అప్పుడే తెలిసింది ఇంకో సంగతి. ఆమెకు ఫోను కొనిచ్చినప్పుడు చెన్నకేశవ తన మెయిల్ ఐడీనే అందులో వేశాడు. "నీకెందుకు వేరేది, పాస్‌వర్డు మర్చిపోతావు" అన్నాడు. ఆ రోజు భోజనాల దగ్గర, పిల్లల ముందు, అత్త ముందు, ఫోను ఎత్తిపట్టుకుని పాఠం చదివినట్టు చదివాడు. "ఆడవాళ్లకు ఎప్పుడూ అలసట ఎందుకు ఉంటుంది. ఇదేంది చందనా, నువ్వు కొట్టిందేనా? నా ఫోన్లో పడింది." వనజమ్మ పప్పు కలుపుకుంటూ, "పని జేసేవాళ్లకు యాడిదమ్మా అలసట. మా కాలంలో ఫోన్లు ల్యాకపాయ, అలసటా ల్యాకపాయ" అంది. పిల్లలు నవ్వారు. మర్నాడు ఆయన షాపు నుంచి విటమిను సీసా ఒకటి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. సీసా తిప్పి చూస్తే డేటు దగ్గరపడిన సరుకు. అమ్ముడుపోనివన్నీ ఈ ఇంట్లో అట్లాగే వస్తాయి. ఆ తర్వాత చందన వంటలు, అత్త మోకాళ్లు, పిల్లల లెక్కలు తప్ప ఏదీ వెతకలేదు. తన సంగతి ఏదైనా గుర్తొస్తే వేలు తెర మీద పెట్టి తీసేసేది.

ఫోటో సంగతీ అంతే. ఒక ఇన్‌స్పెక్షను రోజున, "కోట్లో బాగుండావు, ఒక ఫోటో తీసుకుందాం" అంటే సిగ్గుపడుతూ నిలబడింది. పెళ్లయ్యాక ఆయన అంత ముచ్చటగా అడిగిన మాటలు ఎక్కువ లేవు. ఆ ఫోటో ఆన్‌లైన్లో షాపు పేజీ మీద పడింది. తీసినప్పుడు ఖాళీగా ఉన్న చేతిలోకి ఆకుపచ్చ మూత డబ్బా బొమ్మ ఒకటి వచ్చి చేరింది. దాని కింద రాత: ఫార్మసిస్టు చందనగారు మెచ్చిన క్యాప్సూళ్లు, సహజంగా సన్నబడండి. ఎందుకు పెట్టావని అడిగితే, "నీకు పేరు రావాలని పెట్టినా. సంతోషపడక ఏడుపేంది?" అన్నాడు. ఏడుపు ఎక్కడుందో అద్దంలో చూసుకోవాలనిపించింది ఆమెకు.

ఇస్త్రీ పెట్టె స్విచ్చి ఆర్పి, కోటును హ్యాంగరుకు వేస్తుండగా గేటు చప్పుడయింది. బుర్ఖా వేసుకున్న పెద్దావిడ, చేతిలో గుడ్డ సంచి. వనజమ్మ వరండాలో మంచం మీద నుంచే, "ఎవురుమా?" అంది.

"డాక్టరమ్మ ఇల్లు ఇదేనా?"

"డాక్టరమ్మ యాడుంది ఈడ. మా కోడలుండాది."

వచ్చినావిడ లోపలికి చూసింది. హ్యాంగరుకు ఉన్న కోటునూ చందన మొహాన్నీ మార్చి మార్చి చూసింది. "ఈమెనే. ఫోన్లో ఉండేది ఈమెనే" అని గుమ్మంలోనే కూలబడింది.

ఆమె పేరు జైబున్నీసా. ఊరు జమ్మలమడుగు. చందన నీళ్లిచ్చింది. తాగకుండా గ్లాసు పట్టుకునే చెప్పుకొచ్చింది. కూతురు ఇష్రత్. అల్లుడు కువైట్‌లో. వచ్చే నెల సెలవు మీద వస్తున్నాడు. "వీడియో కాల్లో అన్యాడంట, ఏంది నువ్వు ఫోన్లో పట్టకుండా అయినావే అని. నవ్వులాటకే అన్నింటాడు. ఈ పిల్ల అన్నం మానేసింది. రాత్రీ పగలూ ఫోన్లో అదే చూసేది, ఎట్ల సన్నబడేది, ఏం మింగేది అని. నీ ఫోటో చూసిందమ్మా. చదువుకున్న ఆడామె, తెల్లకోటు ఏసుకోనుండాది, తప్పు చెప్తాదా అనింది నాతోని. ఈ నెల మొదట్లో బస్సు పార్సిలులో తెప్పించుకున్యాం."

"ఇప్పుడెట్లుంది?"

"కండ్లు పచ్చగైనాయి. ఒంటేలు పచ్చగైంది. నీళ్లు తాగినా కక్కుతాంది. ఈడనే ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చినాం. ఏం తిన్యావు ఏం తిన్యావు అని డాక్టరు అడుగుతాడు, ఇది నోరిప్పదు. అత్తోళ్లకు తెలిస్తే అల్లునికి చెప్తారని భయం దానికి. నేను షాపుకాడికి పోయినా. నీ మొగాయప్ప ఇది తిండిమా, మందు గాదు, పో అన్యాడు. ఆడ పనిజేసే పిల్లోడు సందులోకొచ్చి ఈ అడ్రసు చెప్పినాడు." సంచిలోంచి ఆకుపచ్చ మూత డబ్బాలు రెండు తీసింది. ఒకటి సగం ఖాళీ, ఒకటి సీలు తీయనిది. "దీంట్లో ఏముండాదో చదివి చెప్పమ్మా. నాకు చదువు రాదు, దానికి కండ్లు ఆనడంల్యా."

తన ఫోటోలో తన చేతిలో ఉన్న డబ్బాను చందన మొదటిసారి చేత్తో పట్టుకుంది. అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, గార్సీనియా, ఆ కింద ఏవేవో కలిపిన మిశ్రమం అని ఒకే ముక్క. ఏది ఎంత ఉందో లేదు. కాలేజీలో చదివిన పాఠం ఎక్కడో కదిలింది, పూర్తిగా పైకి రాలేదు. జైబున్నీసాను కూర్చోమని చెప్పి, వంటింట్లోకి పోయి చెన్నకేశవకు ఫోను చేసింది.

"ఆమె ఆడికీ వచ్చిందా? అడ్రసు ఎవురు చెప్పినారు?" అన్నాడాయన. గొంతు తగ్గించాడు. "గమ్మున పంపీ. నాకేం తెలీదు అను. రేపు ఇన్‌స్పెక్టరు వస్తాంటే ఈ తలనొప్పి ఒకటి. అయినా అవి తిని ఇంతవరకు ఒక్క మనిషి ఒక్క మాట అనింటే ఒట్టు. నేను ఇప్పుడే వింటాండా ఈ సంగతి. నువ్వు దాంట్లో తల దూర్చాకు."

ఇప్పుడే వింటున్నాడంటే ఒక పక్క ఊపిరి ఆడింది చందనకు. తెలిసి చేయలేదు, తెలియక చేశాడు, చెబితే ఆపుతాడు. పన్నెండో, పదమూడో ఏళ్ల కాపురంలో ఆమె తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకుందో ఆ మాట. ముందు ఆ పిల్ల సంగతి చూడాలనుకుని, గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్టుకూ లివరుకూ ఏం సంబంధమో చూద్దామని ఫోను తీసింది. వేలు వెతికే గడి మీద పెట్టగానే, ఇదివరకు వెతికినవన్నీ కింద బారుగా దిగాయి.

ఎప్పుడూ కనబడేవి దోశపిండి కొలతలు, మోకాళ్ల నొప్పుల నూనెలు. ఈ మధ్య ఆమె అసలు ఏమీ వెతకలేదు. అందుకని వేరే మాటలు పైకొచ్చాయి. సన్నబడే క్యాప్సూళ్లు కామెర్లు. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ లివర్ డ్యామేజ్. లివరు దెబ్బతింటే ఎన్నాళ్లకు తగ్గుతుంది. ఇవి తను కొట్టినవి కావు. తనకు తెలియకుండా తన వేళ్లు కొట్టాయేమోనని ఒక్క క్షణం పిచ్చి అనుమానం కూడా వచ్చింది. పాత వెతుకులాటలు దాచి ఉంచే చోటికి పోయి చూసింది. పోయిన నెలవి. అంటే ఇష్రత్ డబ్బా ఇంకా బస్సెక్కక ముందువి. ఇంతకుముందే ఎవరో వచ్చి చెప్పారు, ఈయన విన్నాడు, కూర్చుని వెతికాడు, చదివాడు, ఆ తర్వాత కూడా పార్సిలు కట్టాడు. పెళ్లాం ఏం వెతుకుతోందో చూడటానికి తన ఐడీ వేసిచ్చిన మనిషికి, అదే దారిలో తన వెతుకులాట పెళ్లాం ఫోనుకు వస్తుందని తట్టలేదు. దొంగచాటుగా చూసే హక్కు తనదేననీ, తిరిగి చూసే తెలివి ఆమెకు లేదనీ అంత నమ్మకం.

ఇంకా కిందికి జరిపింది. సప్లిమెంటు తిని ఏదైనా అయితే కేసు ఎవరి మీద. దాని కింద ఇంకొకటి. కేసు షాపు ఓనరు మీద పడుతుందా, గోడ మీద సర్టిఫికెట్టు ఉన్న ఫార్మసిస్టు మీద పడుతుందా.

చందన పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. భయమే ముందు వచ్చింది, పోలీసులు, కోర్టు, తొండూరులో నాయన మొహం. భయం వెనకే ఇంకోటి వచ్చింది, దానికి పేరు పెట్టాల్సిన పని లేదు, కోపమే. లివరు గురించి వెతికినప్పుడు ఆయన భయపడ్డాడు, సరే. కానీ ఆ ఆఖరి మాట కొట్టినప్పుడు ఆయన భయపడలేదు. లెక్క వేసుకున్నాడు. భోజనం చేసి, ఆమె అందించిన తువ్వాలుతో చేయి తుడుచుకుని, ఏ మధ్యాహ్నమో మంచం మీద ఒత్తిగిలి, మునిగితే ఎవరు మునుగుతారో చూసుకున్నాడు. తను పక్క గదిలో బట్టలు మడత పెడుతూ ఉండి ఉంటుంది.

బయటికి వచ్చి జైబున్నీసా పక్కన కింద కూర్చుంది. వనజమ్మ మంచం మీద నుంచి చూస్తోందని తెలుసు. "ఈ క్యాప్సూళ్లు ఇంగ ఒక్కటి గూడా మింగనీయొద్దు. డబ్బా పారెయ్యొద్దు, డాక్టరుకు చూపియ్యి. ఇదే తినింది, ఎన్నాళ్ల నుంచో కూడా చెప్పు. దాస్తే నీ బిడ్డకే ముప్పు. అల్లుని సంగతి తర్వాత చూసుకుందురు." సగం ఖాళీ అయిన డబ్బాను మళ్లీ సంచిలో పెట్టింది. "ఆ ఫోటో నాదేమ్మా. దాని కింద మాటలు నావి గావు. ఈ డబ్బా నేను చూడ్డం ఇదే."

జైబున్నీసా ఆమెను తేరిపారా చూసింది. తిట్టలేదు. "ఆ మాట ఫోన్లోనే చెప్పింటే బాగుండుగదమ్మా" అంది. లేస్తూ సీలు తీయని డబ్బాను చందన అడిగితే ఇచ్చింది, ఎందుకని అడగలేదు.

గేటు మూసి వస్తుంటే వనజమ్మ గొంతు. "చందనా, నువ్వు చదువుకున్యావు, నీకు నేను జెప్పేది గాదు. మనం తినే అన్నం ఆ డబ్బాలవల్లనే. నోరు జారాకు."

"ఆ పిల్ల చస్తే అత్తా?"

"చస్తే మనమేం జేస్తాంమా. మనం మింగమన్యామా?"

సాయంత్రం చెన్నకేశవ మామూలు కంటే ముందే వచ్చాడు, ఆటో మీద, అట్టపెట్టెలతో. అన్నీ ఆకుపచ్చ మూతలవే. షాహిద్ దించి పెడుతుంటే చందన వైపు చూడలేదు. సామాన్ల గదిలో బియ్యం మూటలు పక్కకు జరిపి, పెట్టెలు పేర్చి, మళ్లీ మూటలు పైన వేయించాడు చెన్నకేశవ. "రేపు మధ్యానం దాకా ఉండనీ, మళ్లీ తీసకపోతా" అన్నాడు, ఇంటి బయట బండి ఆపుకుంటానన్నంత తేలిగ్గా. పెట్టెలు పెట్టిన చోట చిందిన బియ్యం ఊడ్చమన్నాడు. చందన ఊడ్చింది.

"ఇట్ల అవుతాదని నీకు ముందే తెల్సా మామా?" చీపురు పట్టుకునే అడిగింది.

"ఏం తెలిసేది? పొద్దున్నే చెప్తి గదా, ఇప్పుడే వింటాండానని." కళ్లలోకి చూసే చెప్పాడు. అంత నున్నగా అబద్ధం చెప్పగలడని ఆమెకు తెలుసు, తనతో చెప్పినప్పుడు ఎట్లా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. "రేపు ఆయప్ప అడిగేది ఒకే మాట. రోజూ ఉంటారా అంటాడు. ఉంటా సార్ అను. ప్రతిసారీ అనేదే గదా. ఇంగ వేరే మాట ఏదన్నా వస్తే పోయేది నీ రిజిస్ట్రేషను నంబరే, నా షాపు గాదు. నీ మంచికే చెప్తాండా."

ఆమె అన్నం వడ్డించింది. పిల్లల సంచులు సర్దింది. అత్త మోకాళ్లకు నూనె రాసింది. రాస్తూ రాస్తూ, నా నంబరు అనే మాట దగ్గర ఆగిపోయింది. నిజమే, పోతే అది పోతుంది. పులివెందుల బస్టాండులో, ఎండలో, పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని బస్సు కోసం కూర్చున్న రోజులన్నీ దాంట్లో ఉన్నాయి. నాయన తోటలో రాలిపోయిన చీనీపిందెలు ఉన్నాయి. తను సంపాదించిన వస్తువు ఈ ప్రపంచంలో అదొక్కటే. దాన్ని పోగొట్టుకోకుండా ఉండాలనే ఇన్నేళ్లూ అడిగినప్పుడల్లా ఉంటా సార్ అంది. కానీ ఆ నంబరు తన దగ్గర ఎక్కడుంది? గోడ మీద ఉంది. దాని కింద కూర్చుని ఆయన ఇష్రత్‌కు పార్సిలు కట్టాడు. ఉన్నా తనకు అక్కరకు రాని వస్తువు, ఊరి ఆడపిల్లల్ని నమ్మించడానికి మాత్రం పనికొస్తోంది. "గట్టిగా రాయి పాపా, చేతుల్లో బలమే ల్యా" అంది వనజమ్మ.

పొద్దున చందన కోటు వేసుకుంది. చేతులు నిమ్మకాయతో రుద్ది కడుక్కుంది, పసుపు పోయింది. చెన్నకేశవ చూసి మెచ్చుకోలుగా తలూపాడు. బండి మీద దారి పొడవునా ఉత్సాహంగానే ఉన్నాడు, ఇన్‌స్పెక్టరు పోయాక కారం దోశ తిందామన్నాడు. ఆమె కోటు పక్కజేబు మీద చేయి పెట్టుకుని కూర్చుంది.

షాపు కడిగినట్టుంది. డబ్బాల అర ఖాళీ అయి, అక్కడ ఓఆర్‌ఎస్ పొట్లాలూ దూదీ సర్ది ఉన్నాయి. ఆమె కుర్చీ మీది అట్టపెట్టెలు తీసి తుడిచారు. చందన కూర్చుంది. తలెత్తితే ఎదురుగా గోడ మీద, పొగ పట్టిన అద్దం వెనక, ఎవరో చదువుకునే పిల్ల. ఆ పిల్ల కళ్లు ఇంకా కనబడుతున్నాయి.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పెద్దమనిషి, చెమట తుడుచుకుంటూ, ఇంకా చూడాల్సిన షాపులు చాలా ఉన్నట్టు తొందరలో ఉన్నాడు. ఫ్రిజ్జు చూశాడు. బిల్లులు చూశాడు. కాయితం తీసి సర్టిఫికెట్టు నంబరు ఎక్కించుకున్నాడు. చెన్నకేశవ కూల్‌డ్రింకు తెప్పించి పక్కనే నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. షాహిద్ తల వంచుకుని మాత్రల పెట్టెలు తుడుస్తున్నాడు.

"రోజూ షాపులో మీరే ఉంటారు కదమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అడుగుతూనే, తల ఎత్తకుండానే, ఆ గడిలో అవునని రాసేశాడు.

"ఉండను సార్" అంది చందన.

పెన్ను ఆగింది. చెన్నకేశవ పెద్దగా నవ్వాడు. "ఇంట్లో పిల్లోళ్లకు బాగలేక నిన్నొక్కరోజు రాల్యా సార్, దానికే..."

"మీరు రాసింది కొట్టెయ్యండి సార్. నేను ఈ షాపుకు వచ్చేది మీరు వచ్చే రోజు మాత్రమే." పక్కజేబులోంచి ఆకుపచ్చ మూత డబ్బా తీసి, గాజు కౌంటరు మీద, ఆయన కాయితం పక్కన పెట్టింది. "నా ఫోటో పెట్టి ఇవి అమ్ముతున్నారు. తిన్న అమ్మాయి కామెర్లతో ఆసుపత్రిలో ఉంది. నా మీద రాయాల్సింది నా మీద రాయండి, కాదనను."

"ఏమే, ఏం మాట్లాడుతాండావు నువ్వు?" చెన్నకేశవ గొంతులో నవ్వు లేదు. చేయి చాచి డబ్బా అందుకోబోయాడు. ఆమె దాని మీద అరచేయి పెట్టింది.

ఇన్‌స్పెక్టరు మొదటిసారి తలెత్తి గోడ మీది ఫోటోనూ కుర్చీలోని మనిషినీ చూశాడు. ఖాళీ అర వైపు చూశాడు. "ఇంకా ఉన్నాయా ఇవి?"

"ఉన్నాయి సార్, పెట్టెలకు పెట్టెలు. మా ఇంట్లో, బియ్యం మూటల కింద." చందన చెన్నకేశవ వైపు చూడలేదు. "అడ్రసు చెప్తాను, రాసుకోండి."